ఆకాశం లేని పదకొండు కుండలు

నవ్వకుండా వింటానంటే చెబుతాను. మధ్యలో నవ్వితే ఆపేస్తాను, మళ్ళీ బతిమాలినా చెప్పను.

డొల్లపాలెంలో కుమ్మరి నాంచారయ్య ఇంట్లో తెలివికి కరువు లేదు. ఈ మాట నేను అనడం లేదు, నాంచారయ్యే అనేవాడు. పొద్దున్నే మొహం కడుక్కోకముందే ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, ఎవరైనా కుండ కొనడానికి వస్తే వాళ్ళతో ఒకసారి. తెలివి అంత ఉన్న ఇంట్లో దాన్ని పొదుపుగా వాడుకోవాలి కదా. నలుగురూ ఒకేసారి ఆలోచిస్తే ఊరికే అరిగిపోతుందని వాళ్ళు వంతులు వేసుకున్నారు. సోమ, మంగళవారాలు నాంచారయ్య ఆలోచిస్తాడు. బుధ, గురువారాలు ఆయన పెళ్ళాం పుల్లమ్మ. శుక్ర, శనివారాలు పుల్లమ్మ తమ్ముడు బుచ్చిలింగం. ఈ బుచ్చిలింగం చుట్టపుచూపుగా వచ్చి పన్నెండేళ్ళయింది, ఇంకా చూపు తీరలేదు. ఇక ఆదివారం కొడుకు పానకాలు వంతు. కాకపోతే ఆదివారం సెలవు. అందుకని పానకాలుకి ఇరవై ఆరేళ్ళు వచ్చినా ఆలోచించే అవకాశం ఒక్కసారీ రాలేదు.

ఒక బుధవారం వంటింటి కప్పు మీద నిప్పురవ్వ పడింది. ముగ్గురు మగాళ్ళూ చూశారు. కానీ ఆ రోజు పుల్లమ్మ వంతు, ఆవిడేమో పొరుగూరు వెళ్ళింది. అంతే, ముగ్గురూ చేతులు కట్టుకుని వీధి అరుగు మీద కూర్చుని ఆవిడ కోసం ఎదురుచూశారు. ఆవిడ వచ్చేసరికి సగం కప్పు బూడిదైంది. ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని, ఇల్లు కాలినా వంతు తప్పలేదని మురిసిపోతారు.

ఇంట్లో తెలివి సంగతి ఎలా ఉన్నా పానకాలు చెయ్యి మాత్రం బంగారం. సారె తిప్పి మట్టిముద్ద మీద వేళ్ళు పెట్టాడంటే కుండ దానంతటదే లేచి నిలబడేది. కిందటేడు తిరనాళ్ళలో ఊటపాడు నుంచి వచ్చిన వరాలు అనే పిల్ల అతని కుండ ఒకటి చేతిలోకి తీసుకుని, వేలితో మోగించి, బాగుందండీ అని ఒక్క మాట అని కింద పెట్టి వెళ్ళిపోయింది. ఆమె కూడా కుమ్మరి పిల్లే, ఊటపాడు చినగోపయ్య కూతురు. ఆ ఒక్క మాటతో పానకాలుకి అన్నం సహించడం మానేసింది. ఆ కుండని ఎవరికీ అమ్మకుండా తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నాడు. ఏమిట్రా అని తల్లి అడిగితే, అది చెప్పాలంటే ఆలోచించాలి, ఇవాళ నా వంతు కాదు అన్నాడు. చివరికి ఒక ఆదివారం సెలవు మానుకుని చెప్పాడు.

సంబంధం మాట్లాడటానికి చినగోపయ్యే స్వయంగా డొల్లపాలెం వచ్చాడు. ఆయన మంచీ చెడూ తెలిసిన మనిషి. పిల్లవాడి కుండలు చూశాడు, తల ఊపాడు. ఆ ఇంటి వంతుల సంగతి విన్నాడు, తల పట్టుకున్నాడు. అయినా చేతిలో పని ఉన్నవాడు, పిల్లకి కూటికి లోటుండదని మనసు దిటవు చేసుకుని తమ ఊరి ఆచారం చెప్పాడు. ఊటపాటి కుమ్మర్లలో పెళ్ళికొడుకు తన చేత్తో పదకొండు ఐరేని కుండలు చెయ్యాలి, అంటే పెళ్ళిపందిట్లో పెట్టే రంగుల కుండలు. వాటిని అమ్మాయి ఇంటికి మోసుకెళ్ళాలి. మామగారు ఒక్కొక్కటీ మోగించి చూస్తాడు. బాగుంటే లగ్గం, లేకపోతే లేదు.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి ఇంకో మాట అన్నాడు.

"పై నెల మొదటి గురువారం పొద్దున్నే పట్టుకురండి. ఒట్టి కుండలు తేవాలి. లోపల ఏ వస్తువూ ఉండకూడదు. ఆవగింజంత ఏదైనా ఉందో, సంబంధం లేదు."

ఎందుకన్నాడంటే, అంతకుముందు ఇంకో పిల్ల పెళ్ళికి ఎవడో కుండ పగులు కనపడకుండా లోపల బెల్లం అచ్చు అంటించి తెచ్చాడట. ఆ కారణం కూడా చెప్పుంటే ఈ కథ ఉండేది కాదు. చెప్పలేదు.

పానకాలు రేగడి మన్ను తెచ్చి, నానబెట్టి, తొక్కి, రాయీ రప్పా లేకుండా ఏరి కుండలు చేశాడు. నీడన ఆరబెట్టాడు. ఆవంలో పేర్చి కాల్చాడు. పదకొండుకి పదకొండూ బయటికి వచ్చాయి, ఒక్కదానికీ గీత లేదు. సున్నం పూసి, ఎర్రటి జేగురుతో బొట్లూ తీగలూ దిద్దాడు. ఒక్కోదాన్ని మోగించి చూసుకుని, వరాలు వింటే ఏమంటుందోనని తనలో తనే సిగ్గుపడ్డాడు. ఇంకేముంది, గురువారం వెళ్ళి ఇచ్చి రావడమే తరువాయి.

ఆ గురువారానికి ముందు శనివారం బుచ్చిలింగం చుట్టలు కొనుక్కోవడానికి బస్తీ వెళ్ళాడు. అక్కడ గ్రంథాలయంలో సభ జరుగుతోంది. సృష్టి ఎలా పుట్టింది అని బోర్డు కట్టారు. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, చివర్లో టీ ఇస్తారట. వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. వేదిక మీద ఒక పండితుడు, పక్కనే రిటైరైన సైన్సు మాస్టారు. ఆ ఇద్దరూ మూడు గంటలసేపు ఏమీ లేనిదాని గురించి పోట్లాడుకుని, మైకు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని, చివరికి చెరో శాలువా కప్పించుకుని ఒకే రిక్షాలో ఇంటికెళ్ళారు. బుచ్చిలింగం మాత్రం చుట్టల సంగతే మరిచిపోయి, ఆయాసపడుతూ డొల్లపాలెం పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, బావా, కొంప మునిగింది. మన కుండలు ఒట్టివి కావు. వాటి నిండా ఆకాశం ఉంది" అన్నాడు.

అందరూ గుండెలు చిక్కబట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు ఆలోచన వంతు ఆయనదే కాబట్టి ఎదురు చెప్పే వీలు లేదు. ఆయన పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆకాశం అంటే పైన నీలంగా కనపడేదొక్కటే కాదట, మొదట పుట్టిన భూతమట, అదొక పదార్థమట. ఆకాశంలోంచి గాలి, గాలిలోంచి నిప్పు, నిప్పులోంచి నీళ్ళు, నీళ్ళలోంచి నేల వచ్చాయట. మనం ఖాళీ అనుకునే కుండలో కూడా అదే నిండి ఉంటుందని పండితుడు చెయ్యెత్తి మరీ చెప్పాడట.

మరి ఆ సైన్సు మాస్టారైనా కాదనలేదా అని నాంచారయ్య ఆశగా అడిగాడు. కాదన్నాడట, కానీ కుదురుగా కాదనలేదట. ఆ సైన్సువాళ్ళు కూడా ఒకప్పుడు అది పదార్థమే అనుకున్నారట. వెతికారట, దొరకలేదట, లేదని తేల్చారట. తేల్చేసి ఊపిరి పీల్చుకున్నాక మళ్ళీ ఏదో ఉందన్నారట. అది నులకమంచంలా బరువైనవాళ్ళు కూర్చున్నచోట కిందికి దిగుతుందట. ఈ మాట విని నాంచారయ్య పెళ్ళాం వైపు చూశాడు. ఇంట్లో గోలీకాయ దొర్లినా పుల్లమ్మ దగ్గరికే ఎందుకు పోతుందో ఇన్నాళ్ళకి తెలిసిందన్నాడు. పుల్లమ్మ అట్లకాడ చూపించింది.

పానకాలు మాత్రం వెళ్ళి కుండల్లోకి తొంగి చూశాడు. ఆవగింజంత ఉన్నా సంబంధం లేదన్నాడు మామగారు. ఇక్కడేమో కుండకి కుండ నిండా ఉందంటున్నాడు మావయ్య. నోరు తెరిచి, ఉందని ఎలా తెలుస్తుంది మావయ్యా అని అడిగాడు. దానికీ పండితుడు గుర్తు చెప్పాడట. ఆకాశం గుణం శబ్దమట, శబ్దం ఎక్కడుంటే ఆకాశం అక్కడున్నట్టట. అంతే, నాంచారయ్య వెళ్ళి మొదటి కుండలో తలపెట్టి ఓయ్ అన్నాడు. లోపల్నుంచి ఓయ్ అని వచ్చింది. రెండో కుండలో ఎవరు లోపల అన్నాడు. ఎవరు లోపల అని అదీ ఎదురడిగింది. పదకొండు కుండల్లోనూ పదకొండు ఆకాశాలు ఉన్నాయని తేలిపోయింది. పైగా ఎవరు లోపల అని మననే అడుగుతోంది, ఎంత పొగరు దానికి అని పుల్లమ్మ మూతి విరిచింది.

బయటికి వెళ్ళగొట్టాలి, సరే. ఎలా? బుచ్చిలింగం కుండని బోర్లించి, మీద చరచమన్నాడు. అడుగంటిన పప్పు కూడా చరిస్తే రాలుతుంది కదా. నాంచారయ్య రెండు కుండలు బోర్లించి గట్టిగా చరిచాడు. రెండిటికీ అడుగులు ఊడి చేతికొచ్చాయి. ఆకాశం వెళ్ళిందా అంటే వెళ్ళింది, రెండు వైపుల్నుంచీ వచ్చిపోతూ ఉంది. తొమ్మిది మిగిలాయి.

మర్నాడు ఆదివారం, సెలవు. ఎవరూ ఏమీ ఆలోచించలేదు గనక ఆ రోజు నష్టం ఏమీ జరగలేదు.

సోమవారం నాంచారయ్య వంతు వచ్చింది. ఆయన గరిటె తెచ్చాడు. కుండలోంచి ఒక్కో గరిటెడు ఆకాశం ఎత్తి గోడ మీంచి అవతలికి పొయ్యమన్నాడు. పానకాలు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎత్తి పోశాడు, జబ్బలు లాగేశాయి. గోడవతల సూరమ్మత్త మిరపకాయలు ఎండబోసుకుంటోంది. ఏం పోస్తున్నావురా అని అడిగింది. ఆకాశం అత్తా అన్నాడు. ఆవిడ అసలే నోరు గలది. మీ ఇంట్లో వద్దన్నది మా దొడ్లో పోస్తారా, మా దొడ్డి మీకు పెంటకుప్పలా కనపడుతోందా అని కొంగు బిగించి, చేట తీసుకుని, ఎత్తినదంతా తిరిగి వీళ్ళ దొడ్లోకి పోసేసింది. పుల్లమ్మ చూసి గుండె బాదుకుంది. మనం పోసింది గరిటెతో, ఆవిడ పోసింది చేటతో, ఈ లెక్కన మన ఆకాశం కాక ఆవిడ ఆకాశం కూడా మన నెత్తిన పడిందని ఏడ్చింది. వెళ్ళి కుండలో ఓయ్ అంటే మునుపటికంటే గట్టిగా ఓయ్ అంది.

మంగళవారం. గురువారానికి ఇంక రెండు రోజులే ఉన్నాయి. నాంచారయ్యకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కుండ నిండా నీళ్ళు పోస్తే ఆకాశానికి చోటుండదు, చచ్చినట్టు బయటికి పోతుంది. పోశారు. పోయింది. కుండలో తలపెట్టి అరిస్తే నాంచారయ్య ముక్కులోకి నీళ్ళెళ్ళాయి కానీ బదులు రాలేదు. అందరూ సంబరపడ్డారు. కానీ ఇప్పుడు కుండలో నీళ్ళున్నాయి. నీళ్ళు కూడా వస్తువే కదా. నీళ్ళు పారబోశారు. ఇంకేముంది, నీళ్ళు ఇలా బయటికి వచ్చాయో లేదో ఆకాశం అలా లోపలికి దూరింది. గుమ్మం దగ్గరే కాచుకుని కూర్చున్నట్టుంది. అందుకని తండ్రి నీళ్ళు ఒంపాలి, చివరి చుక్క పడీపడగానే కొడుకు మూకుడు పెట్టి టప్పున మూసెయ్యాలి అనుకున్నారు. ఆకాశం కంటే ముందు మూకుడు పడాలంటే ఎంత జోరుగా వెయ్యాలి? నాలుగు కుండల అంచులు పగిలాయి, మూకుళ్ళు అయిదు పోయాయి, నాంచారయ్య బొటనవేలు వాచింది. అయిదు కుండలు మిగిలాయి.

అప్పుడు బుచ్చిలింగం, తన వంతు కాదు గనక ఆలోచించి చెప్పడం లేదని, ఊరికే గుర్తొచ్చి చెబుతున్నానని ముందే ఒప్పించుకుని ఒక మాట అన్నాడు. కుండ పగిలితే లోపలి ఆకాశం వెళ్ళి పెద్ద ఆకాశంలో కలిసిపోతుందని పండితుడు అన్నాడట. కలిసిపోతే ఇక తిరిగి రాదట. ఆ మాట ముందే చెప్పవేం బామ్మర్దీ అని నాంచారయ్య దుడ్డుకర్రలాంటి గుదియ తీసుకున్నాడు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అన్నారా? అయిదు కుండలు, అయిదు పెట్లు. పానకాలు కళ్ళు మూసుకున్నాడు. తెరిచి చూసేసరికి ఆకాశం పోయింది. నిజంగానే పోయింది, ఎన్నిసార్లు ఓయ్ అన్నా బదులు లేదు. నలుగురూ ఒకళ్ళ భుజం ఒకళ్ళు తట్టుకున్నారు. ఆ తర్వాత పానకాలు మెల్లిగా, మరి ఎల్లుండి ఏవి తీసుకెళతాం నాన్నా అని అడిగాడు.

పానకాలు పెంకుల మధ్య కూలబడి, జేగురు తీగ ఉన్న ఒక ముక్కని తీసి పంచెతో తుడిచాడు. వరాలు ఇంకెవరి కుండో మోగించి బాగుందండీ అంటుందనుకుంటూ అదే ముక్కని మళ్ళీ తుడిచాడు.

కొడుకు మొహం చూసి నాంచారయ్య ఇంకా మంగళవారం అయిపోలేదని గుర్తుచేసుకుని మళ్ళీ ఆలోచించాడు. తప్పంతా కుండ లోపలుంది అన్నాడు. లోపలంటూ ఒకటి ఉంటే కదా ఆకాశం దూరేది, అసలు లోపలే లేకుండా కుండ చేస్తే పీడా వదిలిపోతుంది కదా. ఇంత తేలిక ఉపాయం తాతముత్తాతల నుంచి ఏ కుమ్మరికీ తట్టలేదని ఆశ్చర్యపోయాడు. అంతే, పానకాలు సారె ముందు కూర్చున్నాడు. పదకొండు మట్టిముద్దలు తీసుకుని, పైన అంచూ, మెడా, పొట్టా అన్నీ దిద్దాడు, లోపల మాత్రం తియ్యలేదు. నిండా మట్టే. ఒక్కొక్కటి ఎత్తాలంటే ఇద్దరు పట్టాలి. నాంచారయ్య కుండ మూతి దగ్గర నోరుపెట్టి ఓయ్ అన్నాడు. కుండ కిక్కురుమనలేదు. ఎవరు లోపల అన్నాడు. ఎవరూ లేరు. మొట్టమొదటి ఒట్టి కుండ పుట్టింది.

ఆరబెట్టడానికి రోజులు లేవు. బుధవారం పొద్దున్నే పచ్చిపచ్చిగానే ఆవంలో పేర్చి, పుల్లమ్మ వంతు గనక ఆవిడ్ని అడిగి, నిప్పంటించారు. ఎండని మట్టి, అందులోనూ జానెడు మందం. కుమ్మరి పుట్టుక పుట్టిన పసివాడికైనా తెలుసు ఏమవుతుందో. వీళ్ళకీ తెలుసు. కానీ తెలిసింది గుర్తు తెచ్చుకోవాలంటే ఆలోచించాలి, పుల్లమ్మేమో రేపటికి కొడుకు చొక్కా ఉతికే ధ్యాసలో ఉంది.

గంట గడిచింది. మొదటిది ఢామ్మంది. వెంటనే రెండోది, మూడోది. ఆ తర్వాత అన్నీ కలిపి ఒక్కసారిగా పేలాయి. ఆవం గోడ లేచిపోయింది. మట్టిగడ్డలు ఊరవతల పడ్డాయి. సూరమ్మత్త మిరపకాయలు గాలిలోకి ఎగిరి ఆమెనే వెతుక్కుంటూ వచ్చాయి. పానకాలు కనుబొమలు కాలిపోయాయి. అందరూ బొగ్గు మొహాలతో నిలబడి ఉంటే, బుచ్చిలింగం ఒక్కడూ ఆవానికి చేతులు జోడించాడు.

ఏమైంది బామ్మర్దీ అని నాంచారయ్య అడిగితే, ఇదే బావా, ఇదే అన్నాడు. సైన్సు మాస్టారు చెప్పింది అచ్చం ఇదేనట. మొదట అంతా కలిసి చిన్న ముద్దగా ఉందట, ఢామ్మని విచ్చుకుందట, ఆ ముక్కలే ఈ లోకాలట, ఇప్పటికీ ఒకదానికొకటి దూరంగా పోతూనే ఉన్నాయట. నాంచారయ్య చుట్టూ చూశాడు. ముక్కలు దూరంగా పోతూనే ఉన్నాయి, ఒకటి మునసబుగారి పెరట్లోకి పోతోంది. పండితుడు చెప్పిన వరస కూడా సరిపోయింది. గాలి లేచింది, నిప్పు ఉంది, పుల్లమ్మ బిందెతో నీళ్ళు చల్లింది, నేల మీద మట్టి పడింది. సభలో మూడు గంటలు తిట్టుకున్న ఇద్దరూ నాంచారయ్య ఆవంలో ఒక్కటైపోయారు.

అయితే మనం కుండలు చెయ్యబోయి లోకం చేశామన్నమాట అని నాంచారయ్య మీసం తడుముకున్నాడు, అది కూడా కాలిపోయింది. ఇక నలుగురూ ఆవం చుట్టూ కూర్చుని లోకం ఎదిగే దాకా కాపలా కాశారు. చుక్కలు ముందొస్తాయా, చెట్లు ముందొస్తాయా అని వాదించుకున్నారు. కొత్త లోకంలో జనం పుడితే మొదటి పూట వాళ్ళకి వండిపెట్టేది ఎవరు, నా వల్ల కాదని పుల్లమ్మ ముందే చెప్పేసింది. బూడిదలోంచి ఒక గండుచీమ వచ్చింది. నాంచారయ్య దానికి దారి వదిలి పక్కకు జరిగాడు. మనుషులు ఎప్పుడొస్తారు మావయ్యా అని పానకాలు అడిగాడు. మాస్టారి లెక్కన వెయ్యిన్నీ మూడొందల కోట్ల ఏళ్ళు పడుతుందట. అందులో నా పెళ్ళి ఉందా అని అడిగాడు పానకాలు. రేపటికి ఉండదురా అన్నాడు బుచ్చిలింగం.

అప్పటిదాకా ఓర్చుకున్నవాడు అప్పుడు ఏడ్చాడు. లోకాలు నాకెందుకు, నాకు పదకొండు కుండలు కావాలి అని నేల మీద పడి ఏడ్చాడు. ఎదిగిన కొడుకు అలా ఏడుస్తుంటే ఏ తల్లి చూస్తూ ఊరుకుంటుంది? బుధవారం ఇంకా మిగిలే ఉంది. పుల్లమ్మ తడి చొక్కా దండెం మీద పడేసి, నుదురు పట్టుకుని, గట్టిగా ఆలోచించింది.

ఆవిడ తేల్చింది ఇది. చినగోపయ్య అడిగినవి పదకొండు కుండలు. పదకొండూ నా కొడుకు తన చేత్తో చేశాడు, ఊరంతా చూసింది. లోపల ఏమీ ఉండకూడదన్నాడు. వాటిలో ఉన్న ఆకాశం పోయి పెద్ద ఆకాశంలో కలిసిపోయింది, పండితుడి మాట. పైనున్న పెంకులు రాలిపోయాయి, పోతే పోనీ. ఇక కుండలు ఏవీ అంటారా? వెతికితే దొరకనంత మాత్రాన లేనట్టు కాదని మాస్టారే చెప్పాడు. కాబట్టి ఆ పదకొండు కుండలూ ఉన్నాయి, అంతకుముందెన్నడూ లేనంత ఒట్టిగా ఉన్నాయి, రేపు పొద్దున్నే ఎత్తుకుని వెళ్ళడమే.

నాంచారయ్య పెళ్ళాన్ని చూసి, నిన్ను కట్టుకున్నందుకు ఇవాళ గర్వంగా ఉందన్నాడు.

గురువారం తెల్లవారగానే బయల్దేరారు. నాంచారయ్య నెత్తి మీద రెండు, పుల్లమ్మ చంకలో ఒకటి నెత్తి మీద ఒకటి, బుచ్చిలింగం చెరో చేతిలో ఒకటి. మిగతా అయిదూ పానకాలు ఎత్తుకున్నాడు. ఎడం భుజం మీద ఒకటి, కుడి భుజం మీద ఒకటి, నెత్తి మీద ఒకదాని మీద ఒకటి మూడు, చేతులు రెండూ పైకెత్తి వాటిని పట్టుకుని. మిగిలినవాళ్ళకి పట్టుకోవడం కొంచెం కష్టమైంది గానీ పానకాలుకి కాలేదు. అతనికి ఏ కుండ పొట్ట ఎంతో, ఏ అంచు దగ్గర వేలు ఆగుతుందో తెలుసు. కాలవ దాటేటప్పుడు మోకాలి దాకా నీళ్ళలో అడుగులో అడుగు వేసుకుంటూ దాటాడు. నాలుగు మైళ్ళు నడిచి ఊటపాడు చేరేసరికి భుజాలు పడిపోతున్నాయి, దించలేదు.

చినగోపయ్య వాకిట్లోకి వచ్చి, చేతులు పైకెత్తి నిలబడ్డ నలుగుర్నీ చూసి, దొంగలెవరో బెదిరించి పంపారనుకున్నాడు. కుండలేవండీ అని అడిగాడు. నాంచారయ్య ఇవిగో బావగారూ అన్నాడు. బుచ్చిలింగం సభ దగ్గర్నుంచి మొదలుపెట్టి లోకం పుట్టిన దాకా అంతా విప్పి చెప్పాడు. చినగోపయ్య వింటూ వింటూ అరుగు మీద కూర్చుండిపోయాడు. చివరికి లేచి, తన తల్లి చెప్పినా తండ్రి చెప్పినా ఈ ఇంటికి పిల్లనివ్వనని, దయచేయమని అన్నాడు.

పానకాలు కదల్లేదు. కళ్ళల్లోంచి నీళ్ళు బుగ్గల మీదికి, గడ్డం మీదికి కారుతున్నాయి. చేతులు మాత్రం పైనే ఉన్నాయి.

"మామగారూ, మొదట చేసినవి బాగుండేవండీ" అన్నాడు. "మీరు లోపల ఏమీ ఉండకూడదన్నారు. ఉన్నదల్లా తీశాను. చివరికి కుండ అడ్డమొస్తే కుండనీ తీసేశాను. ఇంక తియ్యడానికి నా దగ్గర ఏమీ లేదండీ."

తలుపు చాటున వరాలు నిలబడి ఉంది. ఆమె చూస్తున్నది అతని మాటల్ని కాదు, చేతుల్ని. ముక్కు కారుతోంది, కళ్ళు మండుతున్నాయి, చెంప మీద ఈగ వాలింది. అయినా ఆ మనిషి చెయ్యి దించి తుడుచుకోవడం లేదు. దించితే కుండలు పడతాయి. ఆమె బయటికి వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, నీ ఒక్క మాట కోసం పదకొండు కుండలు పగలగొట్టుకున్నాడు. నేను చేసుకుంటే ఇతన్నే చేసుకుంటాను" అంది.

చినగోపయ్య కూతురి మొహం చూశాడు. ఆ మొహం చూశాక ఏ తండ్రికైనా చెప్పడానికి ఏం మిగులుతుంది? కాసేపు గొణుక్కుని, కాసేపు తలగోక్కుని, సరే, మాఘంలో లగ్గం పెట్టుకుందాం, ఈలోగా మామూలు కుండలు, అందరూ వాడే కుండలు, పదకొండు చేసుకుని రా నాయనా అన్నాడు.

పానకాలుకి ఆనందంతో ఒళ్ళు తెలియలేదు. రెండు చేతులూ జోడించి మామగారికి దణ్ణం పెట్టాడు.

పుల్లమ్మ కెవ్వుమంది. నాంచారయ్య పట్టుకోబోయి తన రెండూ వదిలేశాడు. బుచ్చిలింగం ఒకటి పట్టుకున్నాననుకుని చూసుకుంటే చేతిలో అంచు మాత్రమే ఉందన్నాడు. వాకిలంతా పెంకులు. నలుగురూ మోకాళ్ళ మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టారు. ఆగండాగండి, చేతులు తెగుతాయి అని వరాలు లోపలికి పరిగెత్తి చీపురు తెచ్చింది. పానకాలు పక్కనే వంగి, మూల మూలలా ఊడ్చి, ఒక చోట కుప్ప చేసింది. నాన్నా, చెప్పులేసుకుని రా, ఇంకా సన్న ముక్కలున్నాయి అంది.

చినగోపయ్యకి ఒళ్ళు మండిపోయింది. వీళ్ళంటే సరే, నా కూతురికేమొచ్చింది? చెప్పులు అక్కడే విసిరికొట్టాడు. నేల మీద ఏమీ లేదు, చూడండి, మీ కళ్ళు నెత్తికెక్కాయి అని పంచె పైకి కట్టి, ఒట్టి కాళ్ళతో ఆ కుప్ప మీంచే ధడధడా నడిచాడు. ఒక అడుగు వేశాడు, రెండు వేశాడు. మూడో అడుగు వేసి, అబ్బా అని పాదం పట్టుకుని కూలబడ్డాడు.

పుల్లమ్మ జాకెట్టుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. నాంచారయ్య మడమ పట్టుకున్నాడు. వరాలు తండ్రి కాలు ఒళ్ళో పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, పిన్నీసు మొనతో ఒక పెంకు ముక్క లాగి అరచేతిలో పెట్టి అందరికీ చూపించింది. అందరూ తలలు దగ్గర పెట్టి చూసి, చాలా పెద్దదేనన్నారు. జేగురు గీత కూడా కనపడుతోందన్నాడు పానకాలు.

చినగోపయ్య కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగబట్టి, "ఇంకొంచెం లోపలుందే అమ్మా, సరిగ్గా చూడు" అన్నాడు.